గుడారపు రాట

హైదరాబాదు నగరమున తార్నాక కూడలినుండి పడమరగా కొంతదూరము నడచినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము కానవచ్చును. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి ఠాణా. పూర్వమచ్చట తీగకంచెయు, దానికొక కావలియు నుండుటచే ఆ పేటకా పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున నగరమధ్యమందలి అద్దె ఇండ్లలో ఆరంభమై, పిమ్మట అడిక్మెట్టు భూములకు తరలివచ్చెను. అందలి ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934 జూలై 5వ తేదీన పునాదిరాయి పడెను. 1939 డిసెంబరు 4వ తేదీన ద్వారములు తెఱువబడెను. బెల్జియము దేశపు శిల్పి ఎర్నెస్టు జాస్పరు దాని రూపకర్త. గులాబి వన్నె గల గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనపు స్తంభములను చూచినవాడెవడును అవి ఎట్లు నిలిచియున్నవని యడుగడు. రాయి తన బరువుచేతనే నిలుచును.

అట్టి విద్యాప్రాంగణముల మైదానములలోనే అప్పుడప్పుడు మఱియొక విధమైన గృహములు వెలయుచుండును. ఉదయమున అవి చాపచుట్టలవలె బండిలోనుండి దిగును. మధ్యాహ్నమునకు వీధులు దీరి నిలుచును. వారము గడచిన పిమ్మట వాని చోట నలిగిన గడ్డి తప్ప ఏమియు మిగులదు. 1948వ సంవత్సరపు చట్టముచే నేషనల్ కేడెట్ కోర్ ఏర్పడినది మొదలు కళాశాల విద్యార్థులనేకులకు ఇట్టి గుడారవాసము అలవాటయ్యెను. స్కౌటు బాలురకు అంతకు ముందునుండియు నది తెలిసినదే. గుడారమనగానే అందఱి చూపును కాన్వాసు గుడ్డమీదికి పోవును. గుడ్డ చినిగినచో కుట్టవచ్చును. అంతలో తడియుటకంటె గొప్ప కీడు లేదు. కాని లోపలి రాట విఱిగినచో నిద్రించుచున్నవారిపై గుడారమంతయు కూలును. ఆ రాటయో, మూడు కిలోల బరువైనను లేని ఒక కఱ్ఱ.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. అక్బరు చక్రవర్తి కొలువునందు డేరాలకును తివాసులకును ఫరాసుఖానా యను ప్రత్యేకశాఖ యుండెడిది. పదివేలమందికి పైగా పట్టు పెద్ద బారగాహు డేరాను నిలుపుటకు వేయిమంది ఫరాసులు యంత్రముల సాయముతో ఒక వారము పనిచేయుదురని అబుల్ ఫజలు ఐనె అక్బరీ గ్రంథమున వ్రాసియున్నాడు. పదునెనిమిది స్తంభములపై నిలుచు రెండంతస్తుల డేరాయు అందు వర్ణింపబడినది. పారసీక భాషలో చోబు అనగా కఱ్ఱ. డేరాకఱ్ఱకును అదియే పేరు. తెలుగు దొరల కొలువులలో వెండికఱ్ఱ పట్టుకొని నడచిన చోపుదారును ఆ మాటకు చుట్టమే. 1687వ సంవత్సరమున ఔరంగజేబు సేనలు గోలకొండ చుట్టును ఎనిమిది నెలలు విడిసియుండినపుడు, కోటలోని ఫిరంగులతోపాటు ఆ యేటి వానలును వారిని మిక్కిలి యిడుములు పెట్టెను. దక్కను వానకు ముందు వచ్చు గాలి ఎట్టిదో ఈ ప్రాంతమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

సామాన్యమైన శిబిరపు గుడారము నొకదానిని ఉదాహరణముగా తీసికొందురు గాక: పొడవు పది అడుగులు, నడుమ ఎత్తు ఏడడుగులు. దీనికి రెండు చివరల రెండు నిలువు రాటలు, వానిపై అడ్డముగా ఒక వెన్నుగాడి యుండును. పూరింటికి నిట్టాడులును, వాని మీది వెన్నుగాడియు ఎట్లో, గుడారమునకు ఇవి యట్లే. ఐనను ఒక భేదము గలదు. పూరింటి నిట్టాడు భూమిలో పాతబడియుండును. గుడారపు రాట నేలపై ఊరక నిలుచును. దానిని నిలుపునవి ఇరువైపుల లాగికట్టిన త్రాళ్లు. కుడి త్రాడు కుడికి లాగును, ఎడమ త్రాడు ఎడమకు లాగును. ఆ ప్రక్కలాగుళ్లు ఒకదానినొకటి రద్దు చేసికొనును. కాని ఆ రెండు త్రాళ్లును ఏటవాలుగా క్రిందికి దిగుచున్నవి గదా! ఆ క్రిందిలాగుడు రద్దు కాక, రెండును కూడి రాటమీద బరువై కూర్చుండును. కావున త్రాడు ఎంత బిగించినచో రాటపై అంత భారము పడును. గుడారము గట్టిగా నుండవలెనని త్రాళ్లను వీణతీగలవలె బిగించు క్రొత్తవాడు, తెలియకయే తన రాటను అణచుచున్నాడు.

నిలువుకఱ్ఱపై బరువు మోపినపుడు అది పిండియై నలుగదు. నడుమ విల్లువలె వంగి విఱుగును. చీపురుపుల్ల నొకదానిని నేలకానించి పైనుండి వ్రేలితో నొక్కిచూచినచో ఈ సంగతి తెలియును. పొడుగైన పుల్ల వెంటనే వంగిపోవును. దానినే బెత్తెడు ముక్కగా విఱిచి నొక్కినచో వ్రేలికి గ్రుచ్చుకొనును గాని వంగదు. ఈ వంపునకు లెక్కను స్విట్జర్లాండు దేశపు గణితవేత్త లియొనార్డు ఆయిలరు 1744వ సంవత్సరమున ప్రకటించెను. ఒకే లావుగల కఱ్ఱ పొడవు రెట్టింపైనచో అది మోయగల బరువు నాల్గవవంతునకు తగ్గును. పొడవు మారక లావు రెట్టింపైనచో మోయగల బరువు పదునాఱు రెట్లగును. దీనినే వెనుకకు త్రిప్పి చూడవలెను: రెండంగుళముల మందము గల రాటను, తేలికగా నుండునని ఒకటిన్నర అంగుళమునకు చెక్కినచో, తీసివేసినది అరంగుళము మాత్రమే, పోయిన బలమో మూడింట రెండుపాళ్లకు పైగా! వంపు పుట్టునది నడుమనే గనుక, ఏ రాటకైనను నడిమిభాగమును పలుచచేయుట గాని, అచ్చట ముడియున్న కఱ్ఱను వాడుట గాని తగదు.

ఇక కఱ్ఱ యెన్నిక. టేకు అన్నిటను మధ్యమ గుణము గలది. ఎక్కువ వంకరపోదు, చెదలు తొందరగా తినవు, బరువు మితము. పూర్వపు ఆదిలాబాదు జిల్లా అడవులు దీనికి పేరు పొందినవి. చిరుమాను యనబడు చెట్టు ఇంకను బలమైనది. బండి ఇరుసులకును గొడ్డలి కామలకును వాడుట దానికి తగినదే, ఏలయన అది వంగి మరల లేచును. కాని ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగగా, చిరుమాను 25 కిలోలు తూగును. పై గుడారమునకు కావలసిన మూడు కఱ్ఱలను రెండంగుళముల లావున టేకుతో చేసినచో మొత్తము తొమ్మిదిన్నర కిలోలగును, చిరుమానుతో పదుమూడు. బండిపై పోవు శిబిరమునకు ఇది పెద్ద మాట కాదు. భుజముపై మోసికొని కొండ లెక్కు బాలురకు ఆ మూడున్నర కిలోలు సాయంత్రమునకు తెలిసివచ్చును. జామాయిల్ కఱ్ఱ చవుకగా నిటారుగా దొరకునుగాని, ఎండినకొలది మెలితిరిగి చీలును. కోస్తా తీరమునుండి వచ్చు సరుగుడు బాదులు పందిళ్లకు మిక్కిలి వాడుకలో నున్నవి. పదిదినముల పందిటికి అవి చాలును, పదేండ్ల డేరాకు చాలవు.

ఎదుట కనబడుచున్న చెట్టును కొట్టి రాట చేయుద మనుకొనువారికి రెండు అడ్డంకులు గలవు. ఒకటి చట్టము: 2002వ సంవత్సరమున వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టముననుసరించి అనుమతిలేక చెట్లను కొట్టరాదు. రెండవది కఱ్ఱ స్వభావము: పచ్చికఱ్ఱలోని నీరు పోవుకొలది అది కుంచించుకొని వంగును, నెఱ్ఱెలు విచ్చును. అంగుళము మందమునకు ఒక యేడు చొప్పున నీడలో ఆరనీయవలెనని పాతకాలపు వడ్రంగుల మోటులెక్క. హైదరాబాదు ఎండకు అంతకాలము పట్టకపోవచ్చును. కాని ఆ యెండలోనే పడవేసినచో పైభాగము ముందెండి లోభాగము పచ్చిగా మిగిలి, కఱ్ఱ నిలువున పగులును. కొనలనుండి నీరు శీఘ్రముగా పోవును గనుక అచ్చట మైనము పూయుట మేలు.

వెదురు మాట వేఱు. అది చెట్టు కాదు, గడ్డిజాతి. 1927వ సంవత్సరపు అటవీచట్టము మాత్రము దానిని చెట్టుగానే లెక్కించెను. అడవికి వెలుపల పెంచిన వెదురును ఆ లెక్కనుండి తొలగించుటకు 2017వ సంవత్సరము రావలసివచ్చినది. లోపల బోలుగా నుండుట బలహీనత యని తోచునుగాని, నిజమునకు వంపు నెదిరించునది వెలిపొర. నడిమి కఱ్ఱ చేయు సాయము స్వల్పము. ఆ స్వల్పమును వదలివేసి వెదురు తన సొమ్మంతయు అంచున పెట్టుకొన్నది. డేరాలకు ముళ్లవెదురుకంటె గట్టివెదురు శ్రేష్ఠము. దాని రంధ్రము మిక్కిలి సన్నము, కొన్నిట దాదాపు లేనేలేదు. మూడు నాలుగేండ్ల ముదురుగడనే కోయవలెను. ఏడాది నిండని గడ చూచుటకు నవనవలాడుచుండును, ఎండగానే ముడుతలు పడును. వానలు వెడలిన పిమ్మట శీతకాలమున కోసినచో గడలో పిండిపదార్థము తక్కువగా నుండును. పుచ్చుపురుగు కోరునది ఆ పిండినే. ప్రవాహజలమున కొన్ని వారములు నాననిచ్చినచో మిగిలినదియు కొంత కరగిపోవును. పూర్వము మన్యపు వెదురును తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు తేల్చితెచ్చెడివారు. రవాణాకై చేసిన ఆ పనిచే వెదురునకు స్నానమును జరిగెడిది.

టేకు రాటను చేయు విధము చూడుడు. మొదట పోగులు కొననుండి కొనవఱకు నిలువుగా సాగియున్న ముక్కను ఏరవలెను. పోగు ఏటవాలుగా నడిచి ప్రక్కకు వెలువడిన చోటనే కఱ్ఱ విఱుగును. ఎంత నున్నగా చిత్రిక పట్టినను ఈ దోషము మాయదు; పైగా కంటికి కానరాక దాగును. వన్నె తెలుపుగా నుండు వెలుపలి చెక్కను విడిచి చేవను తీసికొనవలెను. తరువాత ఱంపముతో దానిని నలుచదరముగా కోసి, నాలుగు పలకలను చిత్రికతో సరిచేయుదురు. నలుచదరము గుండ్రము కావలెననిన ముందు ఎనిమిది పలకలు కావలెను. మూలలనుండి ఎంత చెక్కవలెనో తెలియుటకు వడ్రంగులు చక్కని యుక్తి నొకదానిని వాడుదురు. కొలబద్దను పలకపై ఏటవాలుగా, దాని సున్నగీత ఒక అంచును, పండ్రెండవ సెంటీమీటరు గీత రెండవ అంచును తాకునట్లుంచి, మూడున్నర వద్ద ఒకటియు, ఎనిమిదిన్నర వద్ద ఒకటియు గుర్తులు పెట్టుదురు. ఆ గుర్తులగుండ నిలువుగీతలు గీచి, వానికి వెలుపలి మూలలను చెక్కివేయగా సమానమైన ఎనిమిది పలకలు ఏర్పడును. పలక వెడల్పు ఎంతైనను, ఏటవాలు మాఱునేగాని నిష్పత్తి మాఱదు. జ్యామితి చదివినవారు దీనికి కారణమును సరూపత్రిభుజములలో వెదకవచ్చును. ఎనిమిది పలకలు పదునాఱై, చిత్రిక తేలికగా నడిచినకొలది అంచులు కరగి, చివరకు ఉప్పుకాగితపు రాపిడితో రాట గుండ్రమగును. సమమైన నేలపై దొర్లించినపుడు ఎగిరెగిరి పడినచో ఇంకను వంకర యున్నదన్నమాట.

రాట తలలో ఇనుప ములుకు నొకదానిని దిగవేయుదురు. అది వెన్నుగాడి కొనయందలి రంధ్రముగుండను, గుడ్డకు పొదిగిన ఇత్తడి కన్నముగుండను పైకి వచ్చును. దానికే త్రాళ్లు తగిలించుదురు. ములుకునకు రంధ్రము చేయక సుత్తితో దిగగొట్టినచో కఱ్ఱ రెండుగా చీలును. సరిగా నడుమ తొలిచి, ములుకు బిగువుగా దిగునట్లు చూచి, కఱ్ఱ తలచుట్టును పొన్ను వేయవలెను. రోకలికి పొన్ను ఏల వేయుదురో ఎఱిగినవారికి దీని పని తెలిసియే యుండును. గాలి గుడారము నూపినపుడెల్ల ములుకు లోపలినుండి కఱ్ఱను చీల్చజూచును. పొన్ను వెలుపలినుండి కౌగిలించి పట్టును. వెదురుగడ యైనచో తలను కణుపునకు కొంచెము పైగా కోయుదురు. కణుపు మూతవలె అడ్డుపడి వాననీరు లోనికి దిగనీయదు.

పదియడుగుల వెన్నుగాడిని ఒకే కఱ్ఱగా మోయుట కష్టము గనుక రెండు ముక్కలుగా చేసి, నడుమ లోహపు గొట్టముతో అతుకుదురు. గుడారమంతటిలో బలహీనమైన చోటు ఇదియే యని చెప్పవచ్చును. గొట్టము పొట్టిదైనచో అతుకు వదులై ఊగును, ఊగినకొలది కఱ్ఱ అరిగి ఇంకను వదులగును. పొడుగైన గొట్టము బరువు కొంత హెచ్చినను, దానిని తగ్గించుట మంచి పొదుపు కాదు.

పని ముగిసిన రాటకు అవిసెనూనెను పలుచగా పూసి, ఆరిన పిమ్మట మరల పూసి, ఇట్లు మూడు నాలుగు మాఱులు చేయుదురు. నేల తాకు కొనకు తారు పూయుటయు కలదు. నూనె పూసిన పాతగుడ్డలను కుప్పగా పడవేయరాదు. అవిసెనూనె ఆరునపుడు గాలితో కలిసి వేడిని పుట్టించును. గుడ్డ మడతలలో ఆ వేడి వెలుపలికి పోలేక హెచ్చి హెచ్చి, నిప్పు తగులకయే మంట లేచును. అట్టి గుడ్డలను విప్పి ఆరుబయట పఱచి ఆరవేయవలెను. ఈ చిన్నమాట తెలియక కాలిపోయిన కొట్టములు లోకమున అనేకము గలవు.

క్రొత్త రాటను గుడారము క్రిందికి పంపుటకు ముందు పరీక్షింపవలెను. రెండు కొనలను రెండు ఇటుకలపై నుంచి, నడుమ ఒక బకెట్టు నీరు వ్రేలాడదీసి, ఎంత వంగెనో కొలిచి, బరువు తీయగానే మరల నిటారైనదో లేదో చూతురు. తరువాత రాటను పావుచుట్టు త్రిప్పి అదేవిధముగా చేయుదురు. ఒక దిక్కున ఎక్కువ వంగిన రాటలో దాగిన ముడియో, పోగువాలో యున్నది. వంగునపుడు చిటపటమను సవ్వడి వినవచ్చినచో ఆ కఱ్ఱను పొయ్యికి పంపుటయే మర్యాద.

ఇక మైదానము. హైదరాబాదు నేల గ్రానైటు బండలపై పఱచుకొన్న పలుచని ఎఱ్ఱమట్టి. కఱ్ఱమేకు జానెడు దిగునంతలో రాయి తగులును. కావున ఇనుపమేకులు వాడుదురు, అదియు దిగనిచోట బండకే త్రాడు చుట్టుదురు. రాట అడుగున పలకముక్క నొకదానిని గాని, చదునురాతిని గాని పెట్టవలెను. ఎండలో ఇనుమువలె నుండు ఆ నేలయే వాన కురిసిన గంటకు మెత్తబడి రాటను మింగును; రాట నాలుగంగుళములు క్రుంగినచో గుడ్డ వదులై నీరు మడుగుగా నిలుచును, ఆ నీటిబరువు మరల రాటపైననే పడును.

నూలుగుడ్డకును, జనుపనార త్రాటికిని ఒక స్వభావము గలదు: తడిసినపుడు పోగులు ఉబ్బును. గుడ్డలో పోగులుబ్బి సందులు పూడుటచేతనే కాన్వాసు వానను ఆపును. కాని త్రాటిలో పురిపెట్టిన పోగులుబ్బినపుడు త్రాడు పొట్టిదగును. సాయంత్రము చక్కగా బిగించిన త్రాళ్లు నడిరేయి వానకు తమంతట తామే ఇంకను బిగిసి, మేకులను పెఱుకును. మేకులు గట్టివైనచో రాటనే అణచును. పగలంతయు నిలిచిన గుడారము గాలిలేని వానలో సైతము ఫెళ్లున కూలుటకు కారణమిదే. అందుచేత శిబిరములలో రాత్రి కావలి యున్న విద్యార్థికి మొదటి పని దొంగలను చూచుట కాదు. చినుకు పడగానే లేచి, ప్రతి గుడారము చుట్టును తిరిగి, ఒక్కొక్క త్రాటిని రెండు మూడంగుళములు సడలింపవలెను. నిద్రమత్తున ఒక ప్రక్కను సడలించి రెండవ ప్రక్కను మఱచినచో రాట ఒకవైపునకు ఒరుగును గనుక, ఎదురెదురు త్రాళ్లను జతగా సడలించుట అలవాటు చేసికొనవలెను. లోపలివారు తడిగుడ్డను వ్రేలితో తాకరాదు. తాకినచోటనే నీరు లోనికి కారును. కిరోసిను లాంతరులు వెలుగునిచ్చిన దినములలో కూలిన గుడారమునకు తడియొక్కటియే కాదు, నిప్పును భయమే.

రాట ఆ రాత్రియే పగిలినచో తెల్లవాఱువఱకు దానిని నిలుపుటకు మార్గమున్నది. మొదట త్రాళ్లను సడలించి బరువు తగ్గింతురు. పగులుకు ఇరుప్రక్కల జానెడు చొప్పున మించునట్లు మూడు నాలుగు వెదురుబద్దలను చుట్టును పేర్చి, విఱిగిన కాలికి కట్టు కట్టినట్లు త్రాటితో దగ్గఱ దగ్గఱగా చుట్టి ముడివేయుదురు. ఆ కట్టు సందులలో సన్నని చీలలు దిగగొట్టినచో ఇంకను బిగియును. ఇది ఒక రాత్రికి మాత్రమే. ఉదయమున ఆ రాటకు బదులు వేఱొకటి రావలెను.

ఈ కాలమున తార్నాకలోనే గాక నగరమున ఏ పేటయందైనను అద్దెకు దొరకు శామియానాలకు ఇనుపగొట్టములే తఱుచు కానవచ్చును. ఇనుము పుచ్చదు, చెదలకు లొంగదు, లెక్క ప్రకారము ఒకే కొలతకు వచ్చును. వంగినపుడు మాత్రము కఱ్ఱవలె చిటపటమని ముందుగా చెప్పదు. ఎండకు కాలును, మెఱుపుల వేళ దానిని పట్టుకొనుట ప్రమాదము. పాతపద్ధతి కాన్వాసు డేరాను నిలుపుకొన్నవారు నేటికిని కఱ్ఱరాటనే కోరుదురు.

శిబిరము ముగిసినపుడు త్రాళ్లు విప్పి, గుడ్డను ఎండలో ఆరవేసి, రాటలను తడిబట్టతో తుడిచి నీడలో పెట్టుదురు. గోడకు చేరవేసిన రాట ఒక వేసవికే విల్లగును. నేలకు జానెడెత్తున మూడు దిమ్మెలపై వానిని పడుకోబెట్టి, తలలన్నియు ఒకే దిక్కున నుండునట్లు సరిచూచి, ములుకులకు గోనెపట్టా చుట్టి, వచ్చు శిబిరమువఱకు అట్లే యుంతురు.